మాచు పిచ్చుకి ముందు ఓయాంటాయ్‌టాంబోలో ఆగండి

పెరూలో ఇన్కాలు (స్పెయిన్ వాళ్లు రాకముందు అక్కడ ఏలినవాళ్లు) కొండ మీద కట్టిన ఊరు మాచు పిచ్చుకి టికెట్ దొరికిందని ఎవరైనా చెబితే నేను మొదట అడిగేది ఒక్కటే: కుస్కోలో విమానం దిగాక ఆ రాత్రి ఎక్కడ పడుకుంటున్నారు? కుస్కో ఉన్నది 3,400 మీటర్ల ఎత్తున. మాచు పిచ్చు 2,430 మీటర్ల దగ్గరే. అంటే కొండ మీది ఊరికి మనం దిగి వెళ్తాం! అందుకే ఎయిర్‌పోర్టులోంచే కారు మాట్లాడుకుని, 2,800 మీటర్ల దగ్గరుండే పాత ఇన్కా ఊరు ఓయాంటాయ్‌టాంబోకి వెళ్లిపోండి. ఎత్తు వల్ల వచ్చే తలనొప్పి, వికారం, నిద్రపట్టకపోవడం చాలావరకు తగ్గుతాయి. కోకా టీ ఇస్తే తాగండి. కోకా ఆకులు మాత్రం పెట్టెలో పెట్టుకుని పెరూ దాటకండి, కొకైన్ తీసేది వాటి నుంచే కాబట్టి చాలా దేశాల్లో అది నేరం.

అక్కడ ఆగమనడానికి ఎత్తొక్కటే కారణం కాదు. నేను సివిల్ ఇంజినీరుని. ఇన్కాల రాతిపని గ్రహాంతరవాసులదని ఎవరైనా అంటే వాళ్లని వాదించి ఒప్పించను, ఓయాంటాయ్‌టాంబో మెట్లెక్కమంటాను. పైన ఆరు పెద్ద గులాబీరంగు రాళ్లు గోడలా నిలబెట్టి ఉంటాయి. అవి వచ్చిన క్వారీ ఉరుబాంబా నదికి అవతల, ఎదుటి కొండ మీద ఉంది. అక్కణ్ణుంచి లోయలోకి దింపి, నది దాటించి, మళ్లీ ఇటు ఏటవాలు బాట మీదుగా పైకి లాగారు. ఇనుప పనిముట్లు లేవు, బండి చక్రం లేదు. గట్టి రాళ్లతో మోది చెక్కడం, తాళ్లు, వందల మంది భుజబలం, అంతే. ఆ రాళ్లతో మొదలుపెట్టిన గుడి కట్టడం సగంలో ఆగిపోయింది. దారిలో వదిలేసిన రాళ్లు ఇప్పటికీ అలాగే పడి ఉన్నాయి. పని ఎలా జరిగిందో తెలియాలంటే పూర్తయిన కట్టడం కన్నా ఇలా మధ్యలో ఆగినదే మేలు.

ఇక టికెట్. పెరూ సాంస్కృతిక శాఖ అధికారిక వెబ్‌సైట్‌లోనే కొనండి. జూన్ నుంచి ఆగస్టు దాకా రద్దీ కాబట్టి నెలల ముందే చూసుకోవాలి. పాస్‌పోర్టులో ఉన్న పేరూ నంబరే టికెట్ మీదా ఉండాలి, ఆ పాస్‌పోర్టు చేతిలో ఉండాలి. 2024 నుంచి మూడు సర్క్యూట్లు, అంటే లోపల తిరిగే దారులు, పెట్టారు. మొదటిసారి వెళ్లేవాళ్లు రెండోది తీసుకోండి: అందరూ చూసిన ఆ ఫొటో చోటూ వస్తుంది, ఊరి లోపలా తిరగొచ్చు. లోపల టాయిలెట్లు లేవు, గేటు బయటే పని ముగించుకోండి. కింది ఊరు ఆగ్వాస్ కాలియెంతెస్‌కి కారు దారి లేదు. ఓయాంటాయ్‌టాంబో నుంచి రైలెక్కాలి, ఆ ఊళ్లో దిగి బస్సో కాలినడకో. మాచు పిచ్చుకి వెళ్లే పాత కొండబాట ఇన్కా ట్రెయిల్ నాలుగు రోజులు నడవాలనుకుంటే లైసెన్సున్న ఏజెన్సీతోనే వెళ్లాలి, ఫిబ్రవరిలో ఆ దారి మూసేస్తారు.

లోపలికెళ్లాక అందరూ పైకి చూస్తారు. మీరు కాళ్ల కిందా చూడండి. గోడల అడుగున చిన్న చిన్న నీటితూములు కనిపిస్తాయి, వందకు పైనే ఉన్నాయి. ఏడాదికి దాదాపు రెండు మీటర్ల వాన పడే నిట్టనిలువు కొండ మీద ఊరు జారిపోకుండా నిలబడింది వాటి వల్లే. మెట్ల పొలాల్లో నీరు కిందికి ఇంకిపోయేలా పైన మట్టి, దాని కింద ఇసుకా కంకరా, అడుగున పెద్ద రాళ్లు పరిచారు. కట్టడంలో సగానికి పైగా శ్రమ నేలలోనే ఉందని నీటి ఇంజినీర్లు లెక్కగట్టారు. ఊటనీటి కాలవ పదహారు తొట్లకు వరసగా నీళ్లిచ్చేది. నాకైతే సూర్యాలయం కన్నా ఇదే అబ్బురం.

రహస్యాల సంగతి గైడుని గట్టిగానే అడగండి. 1911లో వచ్చిన అమెరికా అన్వేషకుడు హైరమ్ బింగమ్ ఇది ఇన్కాల చివరి రాజధాని విల్కబాంబా అనుకున్నాడు, కాదు. ఆయన వచ్చేటప్పటికి అక్కడ రైతు కుటుంబాలు సాగు చేసుకుంటున్నాయి. అగుస్తీన్ లిసారాగా అనే స్థానిక రైతు 1902లోనే వచ్చి గోడ మీద పేరు రాసుకున్నాడు. ఇది ఇన్కా చక్రవర్తి పచకూటి విడిది అన్నది ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే మాట. ఎముకల కార్బన్ పరీక్షల ప్రకారం 1420 ప్రాంతానికే అక్కడ జనం ఉన్నారని 2021లో తేలింది. ఎందుకు వదిలేశారో చెప్పే రాత మాత్రం లేదు, వాళ్ల లెక్కలన్నీ కిపు అనే తాళ్ల ముడుల్లో ఉండేవి.

కుస్కోని తిరుగు ప్రయాణంలో చూడండి, అప్పటికి ఒళ్లు ఎత్తుకి అలవాటు పడుతుంది. బింగమ్ పట్టుకెళ్లగా యేల్ విశ్వవిద్యాలయం తిరిగిచ్చిన వస్తువులు కాసా కొంచా మ్యూజియంలో ఉన్నాయి. పది రోజుల టూరిస్టు టికెట్‌తో ఓయాంటాయ్‌టాంబో, పీసక్, సక్సైవామన్ అనే మూడు ఇన్కా శిథిలాలూ చూడొచ్చు. మాచు పిచ్చుకీ, కుస్కోలోని కొరికాంచా గుడికీ అది చెల్లదు, విడిగా కొనాలి.