బేస్‌మెంట్‌కు అంటించిన రాళ్లు ఊడుతున్నాయా? ముందు ఊడిన రాయి వెనక చూడండి

ఊడిన ముక్కను పారేయకండి. మళ్లీ సిమెంటు పెట్టి అక్కడే అతికించడం అసలే వద్దు. దాన్ని తిరగేసి చూడండి, తప్పు రాయిదా, గోడదా, మధ్యలో మాల్‌దా (సిమెంటు, ఇసుక కలిపిన ముద్దదా) అన్నది అక్కడే తేలిపోతుంది.

హనుమకొండలో మా ఇంటి ప్లింత్ బీమ్‌కు (గోడల కింద, నేల పైకి కనిపించే కాంక్రీటు పట్టీకి) రెండున్నర అడుగుల ఎత్తున గ్రానైట్ ముక్కలతో క్లాడింగ్ (పైన రాళ్లు అంటించడం) చేయించాం, నడి ఎండాకాలంలో. వానలు మొదలైన వారానికే తొమ్మిది ముక్కలు రాలాయి. చేసినాయనే వచ్చి అదే పద్ధతిలో మళ్లీ పెట్టి పోయాడు, నెల తిరగకుండానే మళ్లీ కింద పడ్డాయి. అప్పుడు కాజీపేట నుంచి ఒక పెద్ద మేస్త్రిని పిలిస్తే, ఆయన ఒక ముక్క తీసుకొని వెనక వేలితో రాసి నాకు చూపించాడు. మాల్ మొత్తం రాయికే అంటుకొని ఉంది, దాని వెనక వైపు అద్దంలా నున్నగా ఉంది, సెంట్రింగ్‌కు, అంటే కాంక్రీటు పోసేటప్పుడు అచ్చుగా కట్టి, అంటుకోకుండా నూనె రాసే ప్లైవుడ్ షీట్ల అతుకు గీత కూడా దాని మీద అచ్చు పడింది. "అన్నా, గోడకింకా సెంట్రింగ్ నూనె పోలే. నూనె నుదుటి మీద బొట్టు నిలుస్తదా?" అన్నాడు.

మీ దగ్గర కూడా ఇలా మాల్ రాయితోనే వచ్చి, గోడ ఖాళీగా కనిపిస్తే తప్పు గోడదే. మాల్ గోడకే ఉండి రాయి వెనక శుభ్రంగా ఉంటే, కోత దుమ్ము కడగకుండా పెట్టారని అర్థం. సగం మాల్ ఇటు, సగం అటు ఉండి గోరుతో గీస్తే ఇసుకలా రాలితే మాల్ బలహీనం: ఇసుక ఎక్కువైంది, లేదా ఎండకు నీళ్లు ఆవిరై గట్టిపడకముందే ఆరిపోయింది.

వేయి స్తంభాల గుడి రాళ్లు సొంత బరువుతో ఒకదాని మీద ఒకటి కూర్చొని ఉన్నాయి. మనం అంటించే ముక్కకు వెనక పట్టు తప్ప వేరే ఆధారం లేదు, 20 మిల్లీమీటర్ల గ్రానైట్ అయితే చదరపు అడుగు దాదాపు 5 కిలోలు తూగుతుంది. అందుకే గోడ తయారీకి ఒక రోజు పోయినా పర్వాలేదు, అక్కడ తొందర పడనివ్వకండి.

గోడ మీద నీళ్లు చల్లి చూడండి. నిమిషంలో తాగేసి రంగు ముదిరితే మంచిదే. ముత్యాల్లా నిలిచి జారిపోతే నూనో, పెయింటో, వాటర్‌ప్రూఫ్ పూతో ఉన్నట్టు. సబ్బు నీళ్లతో కడిగితే సరిపోదు, గ్రైండర్‌కు కప్ వీల్ (గిన్నెలా ఉండే అరగదీసే చక్రం) పెట్టి పై పొర తీసేయాలి, ఆ తర్వాత ఉలితో ఇంచుకో గాటు పడేలా కొట్టించాలి. ముక్కుకు మాస్క్, కళ్లకు అద్దాలు తప్పనిసరి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చాలా చెడ్డది. తెల్లటి ఉప్పు పేరుకొని ఉంటే వైర్ బ్రష్‌తో గీకండి, కానీ ఆ తేమ ఎక్కడి నుంచి వస్తుందో చూడకపోతే మళ్లీ వస్తుంది. గోడకు తారు పూసి ఉంటే మాత్రం దాని మీద ఏదీ పట్టదు. నేల పైన ఉన్నంత వరకు గీకించండి, లేదా జీఐ మెష్‌ను (జింకు పూత ఉన్న ఇనుప జాలీని) యాంకర్ బోల్టులతో బిగించి ప్లాస్టరింగ్ చేయించి, అది బాగా గట్టిపడ్డాకే రాయి పెట్టండి. మట్టిలో ఉన్న తారు జోలికి పోకండి, అది తేమను ఆపడానికే ఉంది.

గోడ అయ్యాక మళ్లీ నీళ్ల పరీక్ష చేయండి. నీళ్లు తాగితేనే ముందుకు.

అంటించడానికి మామూలు సిమెంటు మాల్ కంటే టైల్ అడెసివ్ (సంచుల్లో వచ్చే, నీళ్లతో కలిపి వాడే అతికించే పొడి) నయం. సంచి మీద ఐఎస్ 15477 (దీనికి ఉన్న భారత ప్రమాణం నంబరు) అని, టైప్ 3 లేదా ఆ పైది అని ఉందో లేదో చూసుకోండి. నీళ్లు సంచి మీద రాసినంతే, జారుగా ఉంటే పని సులువని మేస్త్రీలు ఎక్కువ పోస్తారు, అక్కడ దగ్గరుండి ఆపండి. కలిపాక ఐదు నిమిషాలు వదిలి మళ్లీ కలపాలి. పళ్ల తాపీతో గోడకు పూసి, కడిగి ఆరబెట్టిన రాయి వెనక కూడా పలుచగా పూసి, కొంచెం అటూ ఇటూ జరుపుతూ గట్టిగా నొక్కాలి. నాలుగు మూలలా, మధ్యలో ముద్దలు పెట్టి అతికించే పద్ధతి ఒప్పుకోకండి, ఆ ఖాళీల్లోకి వాన నీళ్లు చేరతాయి.

మే నెల ఎండలో గోడ చేయి పెట్టలేనంత కాలుతుంది కదా, పని పొద్దున్నే చేయించండి, లేదా గ్రీన్ నెట్ కట్టించండి. పూసిన అడెసివ్‌ను వేలితో తాకి చూడండి, వేలికి అంటకపోతే పైన పొర కట్టినట్టే. నీళ్లు చల్లి నడిపించకుండా, గీకి పారేసి కొత్తది పూయించాలి.

కింది వరసను మట్టికి ఆనించకండి. మట్టి ఉంటే నాలుగు ఇంచులు, సీసీ (సిమెంటు కాంక్రీటు) లేదా టైల్స్ ఉంటే రెండు ఇంచులు పైన మొదలుపెట్టండి. ఒక చెక్క పట్టీని లెవల్ చూసి బిగిస్తే మొదటి వరస జారదు, మర్నాడు తీసేయొచ్చు. బీమ్, ఇటుక గోడ కలిసే గీత మీదుగా ఒకే రాయి రాకుండా చూసుకోండి, ఆ రెండూ ఎండకు వేరువేరుగా కదులుతాయి, మా ఇంట్లో రెండు ముక్కలు అక్కడే పగిలాయి. పై అంచున వాలు ఇచ్చి, సందు లేకుండా మూసేయాలి.

ఒక మాట, ఇదంతా బేస్‌మెంట్ ఎత్తు వరకే. మనిషి తల పైకి బరువైన రాయి పెట్టాలంటే అడెసివ్‌తో పాటు స్టీల్ క్లాంపులు పెట్టించండి, అక్కడి నుంచి పడితే ప్రాణం మీదికి వస్తుంది.

వారం తర్వాత, మేస్త్రికి ఆఖరి డబ్బులు ఇచ్చే ముందు, రూపాయి బిళ్లతో ప్రతి రాయినీ తట్టండి. పాత రాళ్లు నిలిచి ఉన్నా వాటినీ వదలకండి. డొల్లగా మోగిన వాటికి చాక్‌పీస్‌తో గుర్తు పెట్టి, ఆయన అక్కడ ఉన్నప్పుడే తీయించి మళ్లీ పెట్టించండి.