మిథైల్ పారాథియాన్ నీళ్లలో ఎంజైమ్ పూసలు వేసే ముందు

మిథైల్ పారాథియాన్ అనే పురుగుమందును నీళ్లలో విరగ్గొట్టడానికి, ఎంజైమ్‌ను జెల్ పూసల్లో బంధించి వేసే ప్రయోగం ఇది. ముందు చేతుల సంగతి. ఈ పురుగుమందు చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది కాబట్టి నైట్రైల్ గ్లౌజులు, ఫ్యూమ్ హుడ్ (విషపు ఆవిర్లను బయటికి లాగేసే పెట్టె) లేకుండా సీసా మూత తీయొద్దు, ఒంటరిగా అసలే చేయొద్దు. తలనొప్పి, చెమటలు, చూపు మసకబారడం మొదలైతే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

కాల్షియం ఆల్జినేట్ (సముద్రపు నాచు నుంచి తీసే జెల్) పూసలకు ఫాస్ఫేట్ బఫర్ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణం) వాడకండి, అది కాల్షియాన్ని లాగేసి పూసల్ని కరిగించేస్తుంది, నేనలా ఒక బ్యాచ్ మొత్తం పోగొట్టుకున్నాను. ట్రిస్ అనే మరో బఫర్ మేలు, పీహెచ్ 8 నుంచి 9. లోహాల్ని పట్టేసే ఈడీటీఏ వద్దే వద్దు, ఎంజైమ్‌లోని లోహం పోతుంది.

పోల్చి చూడటానికి ఎంజైమ్ లేని ఖాళీ పూసలతో ఒక ఫ్లాస్కు పెట్టారా? మందు పూసలకు అంటుకున్నా తగ్గినట్టే కనిపిస్తుంది.

అన్నిటికంటే నాకు భయం వేసేది ఇది: నీళ్లు పసుపు రంగుకు తిరగగానే విషం పోయిందనుకుని సింకులో పారబోస్తారు. ఆ పసుపు పారా-నైట్రోఫినాల్, అదీ విషమే. వేరే డబ్బాలో పట్టి, లేబుల్ రాసి పెట్టండి.