కర్నూలు గోడపై జపాను అల: స్ప్రే రంగులతో గ్రాఫిటీ వేసే విధానం

ఉకియో-ఎ అని పిలిచే జపాను చెక్క అచ్చుబొమ్మల్లో గీత స్పష్టంగా ఉంటుంది, రంగు నీడలు లేకుండా చదునుగా పరుచుకుంటుంది, అవసరమైన చోట ఆకాశం ఖాళీగా మిగులుతుంది. దూరం నుంచి, నడుస్తూనో బండి మీద వెళుతూనో చూసే గోడచిత్రానికి కావలసిన గుణాలు ఇవే. అందువల్ల ఈ శైలిని గ్రాఫిటీతో కలపాలనుకునేవారు చేపలను, అలలను, కొంగలను యథాతథంగా దించుకోవడం కన్నా ముందు ఆ బొమ్మలు తయారైన పద్ధతిని నేర్చుకోవడం మేలు. గీత మీద పట్టు కోసం జపాను దాకా వెళ్లనక్కరలేదు. లేపాక్షి వీరభద్రాలయం కప్పు మీద ఉన్న 16వ శతాబ్దపు చిత్రాల్లోనూ నల్లని గీతే రూపాన్ని నిలబెడుతుంది, రంగు చదునుగానే ఉంటుంది. అక్కడ ఒక పూట కూర్చుని ఆ గీతలను పుస్తకంలో దించుకుంటే చేతికి మంచి సాధన అవుతుంది.

మొదట గోడ యజమాని నుంచి, ప్రభుత్వ గోడ అయితే నగరపాలక సంస్థ నుంచి అనుమతిని రాతపూర్వకంగా తీసుకోవాలి. పాత సున్నం పొరల మీద స్ప్రే రంగు నిలవదు కాబట్టి ఇనుప బ్రష్‌తో వాటిని గీకి, కడిగి, ఆరనిచ్చి, ప్రైమర్ పూసి, దాని మీద లేత గోధుమ రంగు ఎమల్షన్ వేయాలి. పాత అచ్చుబొమ్మల కాగితం ఛాయ ఇదే గనుక ఖాళీ వదిలిన భాగమే చిత్రానికి నేపథ్యమవుతుంది. చెమ్మెక్కి ఉప్పు పూసే గోడను వదిలేయడమే మంచిది.

జపాను చిత్రకారుడు హొకుసాయ్ సుమారు 1831లో రూపొందించిన ‘కనగావా మహా అల’ అనే అచ్చుబొమ్మ అసలు కొలత దాదాపు 25 సెంటీమీటర్ల ఎత్తు, 37 సెంటీమీటర్ల వెడల్పు మాత్రమే. నకలు మీద నిలువునా 10, అడ్డంగా 15 గళ్లు గీసి, ఒక్కో గడిని గోడపై ఒక అడుగుగా పెంచితే 10 అడుగుల ఎత్తు, 15 అడుగుల వెడల్పు చిత్రానికి కొలతలు సరిపోతాయి. రంగుపొడి అద్దిన దారాన్ని ఇద్దరు బిగించి పట్టుకుని మధ్యలో లాగి వదిలితే గళ్ల గీతలు తిన్నగా పడతాయి.

అయితే ఏ బొమ్మ వేయాలన్నది కర్నూలులో కొంత ఆలోచించవలసిన విషయం. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ నీళ్లు ఊరిని ముంచిన సంగతి ఇక్కడివారు మరువలేదు. హొకుసాయ్ బొమ్మలో అల వెనుక కనిపించే ఫుజీ కొండ స్థానంలో కొండారెడ్డి బురుజును పెట్టి దాని మీద విరుచుకుపడే అలను వేయాలన్న ఆలోచన కళాకారులకు సులభంగా తడుతుంది, కానీ నష్టపోయిన కుటుంబాలు రోజూ చూసే గోడ మీద అది తగదని నా దృఢాభిప్రాయం. నీటినే చూపాలనుకుంటే సెయ్‌గైహా అనే, ఒకదాని వెనుక ఒకటి పేర్చిన అర్ధవలయాల అలల నమూనాను నేలకు దగ్గరగా వేసి, దాని పైన ఎదురీదే చేపను వేయవచ్చు. అలాగే జనం మూత్ర విసర్జన చేయకుండా ఆపడానికని బుద్ధుని రూపాన్ని గోడపై వాడకూడదు.

సెయ్‌గైహా అలల నమూనాకు స్టెన్సిల్, అంటే కోసిన అచ్చు, అవసరం. జపానులో కిమోనో బట్టల అద్దకానికి కాగితం పొరలను తునికి జాతి పండు రసంతో అతికించి, గట్టిపరచి, కతగామి అనే అచ్చులు కోసేవారు. మనకు పాత ఎక్స్‌రే ఫిల్ము గాని, వార్నిష్ పూసిన మందపాటి కాగితం గాని చాలు. కోసేటప్పుడు లోపలి ముక్కలు రాలిపోకుండా సన్నటి పట్టీలు వదలాలి, పక్క అచ్చుతో కలిసే చోట మూలల్లో గుర్తులు పెట్టాలి. టోక్యోలో పుట్టి న్యూయార్క్‌లో పనిచేస్తున్న వీధి చిత్రకారిణి ఐకో స్టెన్సిల్‌తోనే పెద్ద గోడలు వేశారు. 2012లో ఆమె న్యూయార్క్‌లోని బోవరీ వీధి గోడపై వేసిన చిత్రాన్ని పరిశీలిస్తే చిన్న అచ్చు పెద్ద గోడను ఎలా నింపగలదో అర్థమవుతుంది.

రంగుల్లో లేతవి ముందు, ముదురువి తరువాత వేయాలి. స్ప్రే డబ్బా అసలు బలం బొకాషి దగ్గర తెలుస్తుంది. అచ్చుపనివారు తడిపిన చెక్క మీద రంగును క్రమంగా పలచబరిచి ముదురు నుంచి లేతకు దించే పద్ధతి అది. మరో జపాను చిత్రకారుడు హిరోషిగే 1857లో వేసిన ఒహాషి వంతెన వాన చిత్రంలో పై అంచున కమ్ముకున్న నల్లని మేఘం అలా వచ్చినదే. గోడపై దీన్ని సాధించడానికి వెడల్పు నాజిల్ బిగించి, పై అంచు దగ్గర ఒక జానెడు దూరం నుంచి మొదలుపెట్టి, కిందికి వచ్చేకొద్దీ చేతిని వెనక్కి తీసుకుంటూ, ఎక్కడా ఆగకుండా అడ్డంగా ఊపాలి. చేయి ఆగిన చోట రంగు కారుతుంది, కాబట్టి ముందుగా అట్టముక్క మీద సాధన చేయాలి.

అంచు గీత చివరిది. దానికి నలుపు కన్నా ముదురు నీలం మేలు, హొకుసాయ్ అల అంచులు కూడా నీలంలోనే ఉన్నాయి. స్ప్రే గీత మామూలుగా ఒకే మందంలో వస్తుంది, కానీ ఈ శైలి గీత లావెక్కుతూ సన్నబడుతూ సాగాలి. ఆ పనిని బ్రష్‌తో, ఎనామిల్ రంగుతో చేయగల బోర్డు ఆర్టిస్టులు మన ఊళ్లలో ఉన్నారు, ఫ్లెక్సీలు వచ్చాక వారికి పని తగ్గిపోయింది. వారిలో ఒకరిని తగిన కూలికి పిలిపించుకోవాలని గట్టిగా చెబుతాను. అచ్చుబొమ్మ కూడా గీసేవాడు, చెక్కేవాడు, అచ్చు వేసేవాడు కలిసి చేసినదే. గ్రాఫిటీకి ప్రాణమైన అక్షరం కోసం జపాను లిపిని అర్థం తెలియకుండా అనుకరించకుండా, సంతకపు నిలువు పట్టీలో తెలుగు అక్షరాలను ఒకదాని కింద ఒకటి పేర్చాలి. గుడులు, వట్రుసుడుల వంపులు అలల నమూనాతో చక్కగా కలుస్తాయి.

ఎండాకాలంలో తెల్లవారుజామునే పని మొదలుపెట్టి, గోడ వేడెక్కకముందే ఆపాలి. డబ్బాలను ఎండలో గాని, మూసిన కారులో గాని ఉంచితే 50 డిగ్రీలు దాటి పేలే ప్రమాదం ఉంది. ముఖానికి కట్టుకునే గుడ్డ రసాయన ఆవిరిని ఆపదు, కార్బన్ ఫిల్టరు ఉన్న మాస్కు తప్పనిసరి. చిత్రం పూర్తిగా ఆరిన తరువాత ఎండ తాకిడిని తట్టుకునే క్లియర్ కోటు వేసి, వాడిన రంగుల్లో ఒక్కో డబ్బా మిగుల్చుకుని, మొదటి పెద్ద వాన తరువాత వెళ్లి అడుగు భాగాన్ని, పగుళ్లను చూసి, పెచ్చు లేచిన చోట అదే రంగుతో సరిదిద్దాలి.