హెడ్‌ల్యాంప్ కొనేముందు మూత తీసి సెల్స్ చూడండి

తలకి కట్టుకునే లైట్, అంటే హెడ్‌ల్యాంప్ కొనేటప్పుడు చాలామంది ల్యూమెన్స్ (వెలుగు కొలత) ఎన్ని అని అడుగుతారు. నేనైతే ముందు వెనక మూత తీసి ఏ సెల్స్ పడతాయో చూడమంటాను. చలికాలంలో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ లాంటి ట్రెక్‌కి వెళ్తే, శిఖరం ఎక్కడానికి చీకట్లోనే మంచులో బయల్దేరాలి, ఆ చలిలో సెల్ చేతులెత్తేస్తే ఎంత ఖరీదైన ల్యాంపైనా పనికిరాదు.

కిరాణా కొట్లో చవగ్గా దొరికే ‘హెవీ డ్యూటీ’ సెల్స్ జింక్ కార్బన్ రకం. గోడ గడియారానికి, రిమోట్‌కి చాలు, ల్యాంప్‌కి వద్దు. వాటికంటే ఆల్కలైన్ సెల్స్ చాలా నయం, ఎక్కడైనా దొరుకుతాయి, కానీ చలి పెరిగేకొద్దీ వెలుగు తగ్గిపోతుంది, పైగా వాడకుండా నెలల తరబడి లోపలే వదిలేస్తే కారిపోయి స్ప్రింగుల్ని తినేస్తాయి. ఇంటికి రాగానే తీసేయండి.

నల్లమల వైపు క్యాంపింగ్‌కో, రాత్రి పొలానికి వెళ్లడానికో అయితే నికెల్ మెటల్ హైడ్రైడ్ రీఛార్జబుల్స్ తీసుకోండి, అందులోనూ ఎనెలూప్ బ్రాండ్ లాంటి, పక్కన పెట్టినా ఛార్జ్ త్వరగా దిగిపోని రకం. 1.2 వోల్ట్‌లే ఉన్నాయని టెన్షన్ పడకండి. ఆల్కలైన్ 1.5 దగ్గర మొదలై వాడేకొద్దీ జారుతూ పోతుంది, ఇవి 1.2 దగ్గరే చాలాసేపు నిలబడి, చివర్లో మాత్రం ఒక్కసారిగా పడిపోతాయి. అందుకే ఇంకో సెట్ జేబులో ఉండాల్సిందే.

మంచు ట్రెక్‌కి నా ఓటు రీఛార్జ్ కాని 1.5 వోల్ట్ లిథియం సెల్స్‌కే. ఖరీదు ఎక్కువే, కానీ మైనస్ 40 డిగ్రీల దాకా పనిచేసేలా తయారుచేస్తారు, డబుల్ ఏ సైజువి ఒక్కోటి 15 గ్రాములే, అదే ఆల్కలైన్ దాదాపు 23. మీ ల్యాంప్ మాన్యువల్లో లిథియం వాడొచ్చని ఉందో లేదో చూసుకోండి. ఇదే సైజులో 14500 అని 3.7 వోల్ట్‌ల సెల్ కూడా అమ్ముతారు, అది పొరపాటున మామూలు ల్యాంప్‌లో వేస్తే సర్క్యూట్ కాలిపోవచ్చు.

ఎక్కువ వెలుగు, ఎక్కువ గంటలు కావాలంటే 18650 అనే రీఛార్జబుల్ లిథియం అయాన్ సెల్ తీసుకోండి. 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు. మంచి సెల్ 3500 ఎంఏహెచ్ (సెల్‌లో పట్టే ఛార్జ్ కొలత) ఇస్తుంది, అంటే సుమారు 12.6 వాట్ అవర్స్ శక్తి, మూడు ట్రిపుల్ ఏ రీఛార్జబుల్స్ కలిపినా దాదాపు మూడే. ఆన్‌లైన్‌లో 9900 ఎంఏహెచ్ అని కనిపించేవి పచ్చి అబద్ధం, ఆ సైజులో అంత పట్టదు. అతిగా ఛార్జ్ కాకుండా, పూర్తిగా దిగిపోకుండా ఆపే ప్రొటెక్షన్ సర్క్యూట్ ఉన్నవి కొంచెం పొడవుంటాయి కాబట్టి మీ ల్యాంప్‌లో పడుతుందో లేదో ముందే చూడండి. సున్నా డిగ్రీల కింద వీటిని ఛార్జ్ చేయొద్దు, లోపల లిథియం పూతలా పేరుకుని సెల్ శాశ్వతంగా పాడవుతుంది. బ్యాటరీ బయటికి రాని యూఎస్‌బీ ల్యాంపులు మంచు ట్రెక్‌కి నాకు నచ్చవు, మధ్యలో ఛార్జ్ అయిపోతే కొత్త సెల్ వేసుకునే దారే లేదు.

పాతవి, కొత్తవి కలిపి వేయొద్దు, బలహీనమైన సెల్ మీద భారం పడి కారిపోతుంది. విమానంలో విడి లిథియం సెల్స్, పవర్ బ్యాంక్ క్యాబిన్ బ్యాగ్‌లోనే పెట్టుకోవాలి, సెల్స్ చివర్లకి టేప్ వేసి. రాత్రి టెంట్‌లో సెల్స్‌ని, ఫోన్‌ని, కెమెరా బ్యాటరీని స్లీపింగ్ బ్యాగ్ లోపల పెట్టుకుని పడుకోండి.