రోజూ నడవాలనుకుంటాం, గేటు కూడా దాటం: ఏం చేయాలి?

బద్ధకం అని మనల్ని మనమే తిట్టుకుంటాం గానీ, చాలా ఇళ్లలో నడకకి అడ్డం పడేది ఐదున్నరకి వచ్చే కుళాయి నీళ్లు. నీళ్లు పట్టి, పాలు కాచి, బాక్సులు కట్టి, పిల్లల్ని స్కూల్ బస్సు ఎక్కించేసరికి ఎండెక్కేస్తుంది. అలాంటివాళ్లకి "పొద్దున్నే లేచి గంట నడవండి" అని చెప్పి ఏం లాభం?

ముందు ఒక వారం ఏమీ మార్చకండి. నడక ఏ రోజు, ఎందుకు ఆగిందో మాత్రం పాల లెక్క రాసుకునే క్యాలెండర్ మీదే ఒక్క మాట రాయండి. నేను రాస్తే ఏడింట మూడు గళ్లలో "కుక్కలు" అని ఉంది! వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ కింద పడుకునే నాలుగు కుక్కలకి భయపడి, ఇన్నాళ్లూ టైమ్ లేదని చెప్పుకుంటున్నానన్నమాట.

తర్వాత ఆ ఒక్కదాని సంగతే చూడండి. నేను డాబా ఎక్కాను. ఈ చివర నుంచి ఆ చివరకి ఇరవై రెండు అడుగులే, మధ్యలో బట్టల తీగలకి తల వంచాలి, లెక్క తప్పకుండా రౌండుకో చింతగింజ పిట్టగోడ మీద పెడతాను. ఎవరైనా చూసి నవ్వితే నవ్వనీ.

గంట దొరకాలన్న పట్టుదల వదిలేయండి. పెద్దవాళ్లకి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఒక్కసారికి కనీసం పది నిమిషాలైనా ఉండాలన్న పాత షరతుని 2020లో తీసేసింది కూడా, కాబట్టి కుక్కర్ విజిల్ వచ్చేలోపు వేసిన నాలుగు రౌండ్లూ లెక్కే. మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి, వేగం అంత ఉంటే చాలు.

ఏప్రిల్, మే నెలల్లో పొద్దుగూకాకే నడవండి. ఒంటరిగా వెళ్లడానికి మొహమాటమైతే పక్కింటావిడకి మాటివ్వండి, ఆవిడ గేటు దగ్గర నిలబడి "వస్తున్నావా?" అన్నాక ఇంట్లో కూర్చోవడం కష్టం. నడుస్తుంటే ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం లాంటివి ఉంటే మాత్రం ముందు డాక్టర్ దగ్గరికే.

పెళ్లికెళ్లి నాలుగు రోజులు మానేశారా? ఐదో రోజు ఆ బాకీ అంతా ఒకేసారి తీర్చబోతే పిక్కలు పట్టేసి ఇంకో నాలుగు రోజులు పోతాయి, ఐదు నిమిషాలు నడిచి వచ్చేయండి.