చింతమాను కింద సంస్మరణ సభ: తిరుపతి, చిత్తూరు వైపు ఏర్పాట్లు ఇలా

పెద్దకర్మకు క్రమం ముందే ఉంటుంది. ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఎప్పుడు ఏం చేయాలో అయ్యవారు చెబుతారు. పూజ, పిండం లేని సభకు ఆ క్రమాన్ని మనమే రాసుకోవాలి. రాసుకోకపోతే సభంతా ఉపన్యాసాలతో నిండిపోతుంది, చనిపోయిన మనిషి మాత్రం అందులో కనబడరు.

పదకొండో రోజే పెట్టాలన్న పట్టింపు లేదు కాబట్టి ఆదివారం చూసుకోండి. ఇంట్లో కొందరు కర్మ చేయాలనుకుంటే వాదన వద్దు. అది వాళ్లు వేరే రోజు చేసుకుంటారు. రెండూ ఒకే పూట పెడితే ఎవరికీ తృప్తి ఉండదు. తిరుపతిలో బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి రోజులు వదిలేయండి, బయటూరి చుట్టాలకు గదులు దొరకడం కష్టం.

మార్చి నుంచి జూన్ దాకా ఉదయం ఏడింటికి మొదలుపెట్టి ఎనిమిదిన్నరకు ముగించాలి. చలికాలంలో సాయంత్రం 4 గంటలు బాగుంటుంది. డిసెంబరులో ఆరు లోపే పొద్దు గూకుతుంది, ఆలస్యమైతే చివర మాట్లాడేవాళ్ల ముఖాలు కనబడవు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వాన ఉంటుంది. ఆ నెలల్లో పక్కనే పైకప్పున్న వరండానో, బడి హాలునో మాట్లాడి పెట్టుకోండి. షామియానా గుడ్డ ఎండకే పనికొస్తుంది. వానకు నీళ్లు గుంట కట్టి, బరువుకు గుంజలు వంగిపోతాయి.

చోటు విషయంలో సొంత తోటే మేలు. మున్సిపల్ పార్కయితే రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. శేషాచలం అడుగున చెట్లు ఎంత అందంగా ఉన్నా అది అటవీ భూమి, అడగకుండా జనాన్ని తీసుకెళ్లకూడదు. స్వర్ణముఖి ఇసుకలో పెట్టాలనుకునేవాళ్లు 2021 నవంబరు వరదల్ని గుర్తుంచుకోండి. ఏడాదిలో ఎక్కువ కాలం ఎండి ఉండే ఏరే అది. ఎగువన వాన పడితే ఇక్కడ చినుకు లేకున్నా నీళ్లొస్తాయి.

మామిడి తోపులో పెడుతుంటే ఒక సంగతి చూసుకోవాలి. జనవరి, ఫిబ్రవరి పూతలో తేనెమంచు పురుగు ఉంటే కొమ్మల నుంచి జిగట తుంపర రాలుతుంది. కింద కూర్చున్నవాళ్ల తెల్లచొక్కాల మీద, ఫొటో మీద అది పడితే నల్లటి దుమ్మంతా దానికి అంటుకుంటుంది. పైగా ఆ రోజుల్లోనే మందు కొడతారు, ఎప్పుడు కొట్టారో తోట ఆసామిని ముందే అడగండి. పాత చింతమాను దొరికితే అంతకు మించిన నీడ లేదు.

కుర్చీలను ఉత్తరానికి తిప్పి వేయించండి. సాయంత్రం ఎండ కళ్లలో కొట్టదు, తిరుపతిలోనైతే ఎదురుగా కొండ కనిపిస్తుంది. పడమటి వైపు సైడు గుడ్డ కట్టించాలి. వందమందికి సుమారు 800 చదరపు అడుగుల నీడ, 110 కుర్చీలు, నాలుగు 20 లీటర్ల నీళ్ల క్యాన్లు పడతాయి. ఎండాకాలమైతే ఆరు క్యాన్లు.

మైకును బాక్సుల వెనక పెట్టాలి. ముందు పెడితే కీచుమంటుంది. గాలికి బరబరమనకుండా మైకుకు స్పాంజి తొడుగు అడగండి. కరెంటు పోతుందన్న లెక్కతోనే బ్యాటరీతో నడిచే ఆంప్లిఫయర్ మాట్లాడుకోండి, జనరేటరు చప్పుడులో మెల్లగా మాట్లాడే ముసలమ్మ గొంతు వినబడదు. ఆరుబయట మైకుకు పోలీస్ స్టేషన్‌లో అనుమతి అడగాలి.

ఫొటోకు అద్దం వద్దు. ఎండకు మెరిసి మనిషి కనిపించరు, మ్యాట్ లామినేషన్ చేయించండి. స్టాండు కాళ్లకు ఇటుకలు ఆనించి వెనక నుంచి తాడు కట్టండి, పెద్ద దండ వేస్తే గాలికి బోర్లా పడుతుంది. ఫ్లెక్సీ దుకాణంలో తయారుగా ఉండే డిజైన్‌లో దీపం, ఓంకారం, ‘ఆత్మకు శాంతి’ అన్నీ వచ్చేస్తాయి. ప్రింటుకు ముందు వాట్సాప్‌లో తెప్పించుకుని అక్షరమక్షరం చూడండి. ‘స్వర్గస్థులు’, ‘పరమపదించారు’ తీసేయండి. ‘కీర్తిశేషులు’ ఉంచుకోవచ్చు, ఆ మాటలో స్వర్గం లేదు, మనిషి మిగిల్చిన పేరే ఉంది. ఆహ్వానంలో ‘పూజా కార్యక్రమాలు ఉండవు’ అని ఒక్క వాక్యం రాస్తే ఎవరూ టెంకాయ తెచ్చి ఇబ్బంది పడరు.

క్రమం ఇలా రాసుకోండి: స్వాగతం మూడు నిమిషాలు, మౌనం ఒకటి, జీవిత విశేషాలు ఎనిమిది, ఆరుగురు మాట్లాడేవాళ్లకు నాలుగేసి నిమిషాలు, ఆ మనిషికి ఇష్టమైన పాట ఒకటి, తర్వాత పూలు. మౌనం పాటించమనేటప్పుడు అలవాటుగా ‘ఆత్మశాంతి కోసం’ అనేస్తారు. ‘గౌరవంగా’ అని కాగితం మీద రాసి చదివించండి, గడియారం చూసి ముగింపు చెప్పే మనిషిని కూడా పెట్టండి. మాట్లాడేవాళ్లకు రెండు రోజుల ముందే ఫోన్ చేసి, ‘ఆయన గొప్పవారు అని కాకుండా, మీరు కళ్లారా చూసిన ఒక్క సంఘటన చెప్పండి’ అని అడగండి. సభ నిలిచేది ఆ సంఘటనల మీదే.

పూలు తప్పక ఉండాలి. మాట్లాడలేనివాళ్లకు, ముఖ్యంగా పెద్దవాళ్లకు, చేత్తో చేసే పని ఒకటి కావాలి. అది లేకపోతే ఏదో వెలితితో ఇంటికి వెళతారు. విడి చామంతులు రెండు కిలోలు రెండు బుట్టల్లో పెట్టి, ఫొటోకు రెండు వైపుల నుంచీ వరస నడపండి. మనిషికి ఎనిమిది సెకన్లు అనుకున్నా, ఒకే వరసైతే వందమందికి పదమూడు నిమిషాలు దాటుతుంది.

చితి బూడిదతో మొక్క నాటాలనుకుంటే అంతా వేరు దగ్గర పోయకండి. దానిలో ఉప్పు, క్షారం ఎక్కువ, లేత వేరు మాడిపోతుంది. రెండడుగుల గుంత తీసి, గుప్పెడు బూడిదను మట్టిలో, పెంటలో బాగా కలపండి. వేపో, కానుగో, నేరేడో అయితే ఇక్కడి ఎండకు తట్టుకుంటాయి. ఎండాకాలంలో సభ జరిగితే నాటడం తొలి వానల దాకా ఆపండి. ఏ రోజు నాటినా మొదటి రెండు వేసవులు బిందెతో నీళ్లు పోసేది ఎవరో, ఆ పేరు సభలోనే చెప్పించండి.