పెద్ద మొద్దులను పెరట్లోనే వాడుకోవడం ఎలా?

ఎండాకాలం చివర్లో గాలిదుమారానికి చెట్టు కూలితే కొమ్మలు పొయ్యిలోకి పోతాయి, బోదె మాత్రం అక్కడే పడి ఉంటుంది. రెండడుగుల మందం, నాలుగడుగుల పొడవున్న పచ్చి మొద్దు సుమారు మూడు క్వింటాళ్లు తూగుతుంది. అమ్ముదామంటే వచ్చే డబ్బు కూలికి, ట్రాక్టర్ కిరాయికే సరిపోతుంది. అందుకే పడ్డచోటికి దగ్గర్లోనే దానికో పని చూడాలి. (చెట్టు మీరే కొట్టించాలనుకుంటే మాత్రం ముందు అనుమతి తీసుకోండి. 2002 నాటి వాల్టా, అంటే నీరు, భూమి, చెట్ల చట్టంలో కొన్ని రకాలకే మినహాయింపు ఉంది.)

కట్టె ఏదో చూడండి

వేప, నల్ల తుమ్మ గట్టివి కాబట్టి నేల పైన వాడాలి. మామిడి, గుల్మొహర్, మునగ తొందరగా చివికిపోతాయి, వాటిని మట్టిలోకి పంపాలి. మునగను పచ్చిగా పూడిస్తే చిగురేసి కూర్చుంటుంది, బాగా ఎండనివ్వండి. నీలగిరి జోలికి పోకండి. దాని నూనె పక్క మొక్కలను ఎదగనివ్వదు.

మెత్తని మొద్దులు: గుంత పాది

కొన్ని చోట్ల మొద్దుల మీద మట్టి పోసి ఎత్తుగా దిబ్బ కడతారు. పాలమూరు, నల్లగొండ ఎర్ర చెల్కల్లో అది పనికిరాదు, ఎండకు దిబ్బ ఎండిపోతుంది. ఇక్కడ పాది నేలకంటే నాలుగు వేళ్లు కిందికే ఉండాలి, వాన నీళ్లు అందులోకి దిగాలి.

మూడడుగుల లోతు గుంత తీసి, మొద్దులను అడుగున పక్కపక్కనే పేర్చండి. సందుల్లో చిన్న పుల్లలు, ఎండుటాకులు కుక్కండి. ఇప్పుడే నీళ్లు పోయాలి, కట్టె తాగినంతా తాగాలి. మట్టి కప్పాక ఎంత పోసినా లోపలిదాకా దిగదు. దాని మీద జానెడు మందాన మాగిన పశువుల ఎరువు, ఆపైన తీసిన మట్టి. మృగశిర కార్తెకు ముందే ఈ పని అయిపోతే మిగతాది వాన చూసుకుంటుంది.

చివికే కట్టె మొదట్లో నేలలోని నత్రజనిని లాక్కుంటుంది. పాలకూర, తోటకూర వేస్తే ఆకులు పసుపెక్కుతాయి. తొలి ఏడాది అలసంద, చిక్కుడు వేయండి. ఏడాది తిరిగేసరికి పాది కుంగుతుంది, మళ్లీ ఎరువు, మట్టి నింపాలి.

గట్టి మొద్దులు: కూర్చునే బల్ల

ఇక్కడ అసలు శత్రువు చెదలు. పాలమూరు పిల్లలమర్రినే వదల్లేదు, 2018లో ఆ మర్రికి సెలైన్ బాటిళ్లతో మందు ఎక్కించాల్సి వచ్చింది. కాబట్టి కట్టె మట్టిని తాకకూడదు.

బెరడు మొత్తం ఒలిచేయండి, పురుగు దాని కిందే చేరుతుంది. కోసిన రెండు చివర్లకు మిగిలిపోయిన పెయింట్ పూసి నీడలో ఆరబెట్టండి. చివర్లు తొందరగా ఆరిపోతే మొద్దు చీలుతుంది. తర్వాత రంపం మిషన్‌తో పైభాగం చదును చేయించి, అడుగున రెండు గాడులు కొట్టించండి. కంచెకు వాడే రాతి కడీలు విరిగినవి ఊళ్లో ఎక్కడైనా దొరుకుతాయి. రెండు ముక్కలు పాతి, గాడులు వాటి మీద కూర్చునేలా మొద్దును దించితే కదలదు. చెదలకని పాత ఇంజన్ ఆయిల్ పూస్తుంటారు. కూరగాయల పక్కన ఆ పని వద్దు, వానకు అది మట్టిలోకే దిగుతుంది.

వాలు నేల ఉంటే

బల్లకు పనికిరాని వంకర మొద్దును వాలుకు అడ్డంగా, సగం దాకా పాతండి. కొట్టుకొచ్చే ఎర్రమట్టి దాని వెనకే ఆగుతుంది, ఆ తేమలో సీతాఫలం బాగా వస్తుంది. చెదలు పడతాయి, పడనివ్వండి. ఇంటి గోడకు మాత్రం ఇరవై అడుగుల దూరం ఉంచండి.

మొద్దు జరిపేటప్పుడు చేత్తో లేపకండి. గడ్డపారతో మీ వైపుకు దొర్లించాలి, కిందినుంచి తేలో పామో వచ్చినా మీ వైపు రాకుండా మొద్దు అడ్డముంటుంది. రంపపు పొట్టును కుండీల్లో వేయకుండా నడిచే దారిలో పరిచేయండి.